మధ్యాహ్నం 200 చూపిన సీఎన్‌జీ మీటరు పొద్దున్నే 170కి పడిపోతోంది: సిలిండరు లీకవుతోందా?

ఏటుకూరు రోడ్డు (గుంటూరు)
మే 12, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మిర్చి యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీలకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే చిన్న గూడ్సు బండి నాది. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన బండి, అరవై లీటర్ల సిలిండరు ఒకటి. ఫిబ్రవరిలో సెకండ్ హ్యాండులో కొన్నాను.

నిన్న మధ్యాహ్నం మూడింటికి, గంట సేపు వరుసలో నిలబడి గ్యాసు పట్టించాను. పట్టేటప్పుడు సిలిండరు దగ్గరి ప్రెషరు మీటరు సరిగ్గా 200 బార్ చూపింది. పంపు నుంచి ఇంటికి నాలుగు కిలోమీటర్లు. బండి ఆపి పడుకున్నాను. పొద్దున్నే ఆరింటికి చూస్తే 170. మూడు రోజులుగా ఇదే వరస. వాసన ఏమీ రావడం లేదు. మా బావమరిది లీకే అంటున్నాడు. ఒక మెకానిక్ చూసి రెడ్యూసర్ (గ్యాసు ప్రెషరును ఇంజనుకు తగ్గట్టు దించేది) మార్చాలని పెద్ద మొత్తమే చెప్పాడు. డబ్బు సంగతి తర్వాత. పిల్లలు పడుకునే గది కిటికీ పక్కనే నేను బండి నిలుపుతాను. రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవారు చెప్పండి.

ఆటోనగర్ మేస్త్రి (విజయవాడ)
మే 12, ఉదయం 7:45

తమ్ముడూ, ముందు బండిని కిటికీ పక్క నుంచి తీసి ఆరుబయట పెట్టు. పైన రేకు కూడా ఉండకూడదు. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, కారితే పైకి పోతుంది. ఆకాశం కింద ఉంటే చెదిరిపోతుంది, కప్పు కింద ఉంటే పైన పేరుకుంటుంది. వంటగ్యాసు దీనికి సరిగ్గా వ్యతిరేకం, నేల మీద పాకుతుంది. ఈ తేడా తెలియక తలుపులన్నీ మూసి కూర్చునేవాళ్లను చూశాను.

తర్వాత సిలిండరు తల దగ్గరి వాల్వు మూసి, ఒక గిన్నెలో సబ్బు బాగా నురుగు వచ్చేలా కలుపు. పెయింటు బ్రష్షుతో వాల్వు మెడ చుట్టూ పూయి. అక్కడ బుడగ రాకపోతే వాల్వు తెరిచి, గొట్టం జాయింట్లు, నాజిల్ పెట్టే చోటు, రెడ్యూసర్ బిగింపులు వరసగా చూడు. లీకు ఉంటే బుడగ ఆగకుండా పెరుగుతుంది. సన్న లీకైతే నురుగు చిన్న చిన్న ముత్యాల్లా వస్తుంది, కాబట్టి ప్రతి జాయింటు దగ్గరా ఒక నిమిషం ఓపిక పట్టు. అగ్గిపుల్ల, లైటరు మాత్రం ఆ దరిదాపుల్లోకి రాకూడదు.

రెడ్యూసర్ ఇప్పుడే మార్చకు. బండి ఆపగానే రెడ్యూసర్‌కు ముందుండే వాల్వు దగ్గరే గ్యాసు ఆగుతుంది. రెడ్యూసర్ చెడితే నడిచేటప్పుడు కుదుపు, ఆఫ్ అయిపోవడం కనిపిస్తాయి. నిలబడి ఉన్న బండిలో రాత్రికి రాత్రి ముప్పై పాయింట్లు తాగేంత శక్తి దానికి లేదు.

ఇంకొకటి. గ్యాసు నింపే వాల్వు దగ్గర ఒక చిన్న ప్లేటు ఉంటుంది. దాని మీద సిలిండరు చివరి పరీక్ష తేదీ ఏమని ఉందో చూసి ఇక్కడ రాయి.

రసాయనం మాస్టారు (గుంటూరు)
మే 12, ఉదయం 9:20

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు వాయు నియమాలు చెప్పాను. ఈ ప్రశ్న పాఠంలోంచి లేచి వచ్చినట్టుంది. మేస్త్రి గారు చెప్పిన సబ్బు పరీక్ష తప్పక చేయండి. కానీ నా అంచనా ప్రకారం మీ సిలిండరు లీకవడం లేదు, చల్లబడుతోంది.

సైకిలుకు గాలి కొడుతుంటే పంపు కింది భాగం చేతికి వేడిగా తగులుతుంది కదా. గ్యాసును ఇరుకులోకి తోసినప్పుడల్లా అంతే. దాదాపు ఖాళీగా ఉన్న సిలిండరులోకి మూడు నాలుగు నిమిషాల్లో 200 బార్ దాకా నింపితే లోపలి గ్యాసు బాగా వేడెక్కుతుంది. పైగా మే నెల గుంటూరు, మధ్యాహ్నం మూడు గంటలు. ఎండలో గంట సేపు నిలబడి సిలిండరు ఉక్కే కాలిపోతూ ఉంటుంది. లోపల 65 డిగ్రీలు ఉందనుకోండి. తెల్లవారేసరికి 30కి దిగుతుంది. పరమ ఉష్ణోగ్రతలో (273 కలిపి) చెప్పాలంటే 338 నుంచి 303. పీడనం అదే నిష్పత్తిలో తగ్గితే 200 కాస్తా 179 అవుతుంది. ఇది ఆదర్శ వాయువు లెక్క. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేను ఇంత పీడనం దగ్గర ఆ నియమానికి పూర్తిగా లొంగదు, చల్లబడినప్పుడు ఇంకాస్త ఎక్కువే దిగుతుంది. మీరు చెప్పిన 170 నాకు చాలా సహజంగా కనిపిస్తోంది.

లీకును గుర్తుపట్టే మార్గం కూడా ఇందులోనే ఉంది. ఉదయం ఆరింటికి అంకె రాసుకోండి. బండి కదపకుండా మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ చూడండి. రెండు ఉదయాలూ ఒకే చల్లదనంలో ఉంటాయి కాబట్టి అంకె కూడా దాదాపు అదే ఉండాలి. తగ్గితే మాత్రం లీకే.

ఏటుకూరు రోడ్డు
మే 13, ఉదయం 6:30

మాస్టారూ, మేస్త్రి గారూ, మీ ఇద్దరికీ దండాలు. నిన్న బండి తీయలేదు. సబ్బు నురుగు అన్ని చోట్లా పూశాను, ఎక్కడా బుడగ లేదు. నిన్న ఉదయం ఆరింటికి 170, ఈ రోజు ఆరింటికి మళ్లీ 170. మా ఆవిడకు చూపించాను.

అయితే ఇంకో సందేహం. వేడి వల్ల 200 చూపించి ఆపేస్తే, లోపల గ్యాసు తక్కువే పట్టినట్టు కదా? నాకు ఎప్పుడూ ఏడున్నర కిలోల దగ్గరే ఆగిపోతోంది. పాత యజమాని పది కిలోలు పడుతుందని చెప్పాడు. నా డబ్బు పోతోందా?

పంపు రాత్రి డ్యూటీ (విజయవాడ)
మే 13, ఉదయం 8:05

అన్నా, డబ్బు పోదు. మా మిషను బరువు కొలుస్తుంది, పీడనం కాదు. ఏడున్నర కిలోలు లోపలికి వెళితే ఏడున్నరకే బిల్లు. మీకు పోయేది దూరం, మళ్లీ వరుసలో నిలబడే సమయం. పాత యజమాని చెప్పిన పది కిలోలు చల్లటి వేళ, మంచి ప్రెషరు ఉన్న పంపులో పడేది.

నేను ఎనిమిదేళ్లుగా సీఎన్‌జీ పంపులో పనిచేస్తున్నాను. జనానికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. పంపులన్నీ ఒకటి కాదు. గొట్టపు లైను మీదే ఉండి, పెద్ద కంప్రెసర్లతో గ్యాసును బిగించేది మదర్ స్టేషన్. అక్కడ 250 బార్ దాకా నింపి, లారీ మీద వరసగా పేర్చిన సిలిండర్లలో ఊళ్లకు పంపుతారు. ఆ సిలిండర్ల దొంతరను కాస్కేడ్ అంటాం. లైను చేరని పంపు డాటర్ స్టేషన్, దానికి ఈ కాస్కేడే ఆధారం. కాస్కేడ్ కొత్తగా వచ్చినప్పుడు గ్యాసు ఉరికి వస్తుంది. పది పదిహేను బండ్లు అయ్యాక దాని ప్రెషరూ మీ సిలిండరు ప్రెషరూ దగ్గరవుతాయి. అప్పుడు మిషను మూలుగుతూ నింపుతుంది, కొన్నిసార్లు 200 అందదు. ప్రెషరు పెంచే బూస్టరు యంత్రం ఉన్న చోట కొంత నయం. జనం మమ్మల్ని తిడతారు. కాస్కేడ్ లారీ వారధి మీద ట్రాఫిక్‌లో ఆగిపోతే మా చేతిలో ఏముంటుంది?

అందుకే నా మాట వినండి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య రండి. ఇనుము చల్లగా ఉంటుంది, వరుస ఉండదు, లైను మీది పంపైతే ప్రెషరు నిండుగా ఉంటుంది. కిలోన్నర, రెండు కిలోలు ఎక్కువ పడుతుంది.

బెంజి సర్కిల్ (విజయవాడ)
మే 13, ఉదయం 10:40

ఈ చర్చ చదువుతుంటే నా మూడేళ్ల విసుగుకు సమాధానం దొరికింది. నాది సీఎన్‌జీ కారు. రోజూ విజయవాడ నుంచి మంగళగిరి ఆఫీసుకు వెళ్లి వస్తాను. కొన్నప్పుడు పెట్రోలుకూ సీఎన్‌జీకీ ఉన్న తేడా చూసి మురిసిపోయాను. ఇప్పుడు ఆ తేడా బాగా కరిగిపోయింది. కిలో గ్యాసు లీటరు పెట్రోలు కంటే ఎక్కువ దూరం తీసుకెళుతుంది కాబట్టి లాభం ఇంకా ఉంది, కాదనను. కానీ ఒక మాట అడుగుతాను. కృష్ణా గోదావరి బేసిన్ మన నేల. గ్యాసు మన కాళ్ల కింద, మన సముద్రంలో ఉంది. మనకు ఎందుకు చవకగా రాదు?

ఇంకో ప్రశ్న మేస్త్రి గారికి. సీఎన్‌జీ వల్ల ఇంజను ఎండిపోయి త్వరగా పాడవుతుందని మా బంధువు అంటున్నారు. నిజమేనా?

ఆటోనగర్ మేస్త్రి
మే 13, మధ్యాహ్నం 1:15

కొంత నిజం. పెట్రోలు చుక్కలుగా లోపలికి వెళ్లి ఇంజను వాల్వులను చల్లబరుస్తుంది. గ్యాసు పొడిగా వెళుతుంది, ఆ చల్లదనం ఉండదు. పాత పెట్రోలు ఇంజనుకు కిట్టు బిగించి, ట్యాపెట్లు (వాల్వుల సందు) చూసుకోకుండా లక్ష కిలోమీటర్లు తిప్పితే వాల్వు సీటు అరిగిపోతుంది. కంపెనీ నుంచే గ్యాసుతో వచ్చే బండ్లలో గట్టి సీట్లు వేస్తారు. మీరు చేయాల్సింది మూడే. ప్లగ్గులు సమయానికి మార్చండి, ఎందుకంటే మీథేనును అంటించడానికి నిప్పురవ్వ బలంగా ఉండాలి. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉంచండి. వారానికి కొంత దూరం పెట్రోలు మీద నడపండి, ఇంజెక్టర్లు పట్టేయకుండా ఉంటాయి. పొద్దున స్టార్టు చేయగానే బండి పెట్రోలు మీద నడిచి కాసేపటికి గ్యాసుకు మారితే కంగారు పడకండి. ప్రెషరు తగ్గేటప్పుడు గ్యాసు చుట్టూ మంచు కట్టేంత చల్లబడుతుంది, దాన్ని వేడి చేయడానికి రెడ్యూసర్ లోకి ఇంజను వేడి నీళ్లు రావాలి. అందుకే ఆ ఆలస్యం.

ఏటుకూరు తమ్ముడూ, ప్లేటు తేదీ ఇంకా చెప్పలేదు.

కోనసీమ ఆడపడుచు (విజయవాడ)
మే 13, రాత్రి 9:30

బెంజి సర్కిల్ గారూ, ‘మన కాళ్ల కింద’ అన్నారు. మా కాళ్ల కింద అని నేను అంటాను. నా పుట్టిల్లు మామిడికుదురు మండలం. పెళ్లయి బెజవాడ వచ్చి ఇరవై ఏళ్లు.

1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి తవ్వుతుండగా గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. రాత్రి లేదు మాకు. కొబ్బరి చెట్ల తలల మీదుగా ఆకాశం నారింజ రంగులో ఉండేది, కోళ్లు అర్ధరాత్రి కూసేవి. దానికంటే నాకు గుర్తున్నది చప్పుడు. ఆగని హోరు. బడిలో పంతులు గారు పలక మీద రాసి చూపించేవారు, మాట వినపడేది కాదు. అది చల్లారిన రోజు ఊరంతా నిశ్శబ్దమైతే మా నాన్నమ్మ ఏమైందోనని బయటికి పరుగెత్తుకొచ్చింది.

తర్వాత 2014 జూన్ 27. మా మండలంలోనే నగరం అనే ఊరు. తెల్లవారుజామున గొట్టపు లైను పగిలి, నిద్రలో ఉన్నవాళ్లు, పాలకు వెళుతున్నవాళ్లు ఇరవై మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాసు వెళ్లాల్సిన గొట్టంలో తడి గ్యాసు వెళ్లి, నీరు చేరి, లోపల తుప్పు తినేసిందని విచారణలో తేలింది. తుప్పు! బాంబు కాదు, పిడుగు కాదు. ఆ రోజు నేను పుట్టింట్లోనే ఉన్నాను. మాడిన కొబ్బరాకుల వాసన వారం దాకా పోలేదు.

గ్యాసు వద్దని నేను అనను. నా భర్త ఆటో దాని మీదే నడుస్తుంది, మా ఇల్లు దాని మీదే గడుస్తుంది. ఎల్పీజీ ఆటో తీసి సీఎన్‌జీ ఆటో కొన్నాక ఆయన పూటకు ఒక ట్రిప్పు తక్కువ వేసినా చాలుతోంది. కానీ చవకగా రావాలన్న మాట వచ్చినప్పుడల్లా, అది ఎవరి ఊళ్ల మధ్య నుంచి వస్తోందో ఒకసారి తలుచుకోమని అడుగుతున్నాను. ఏటుకూరు తమ్ముడూ, మేస్త్రి గారు రెండు సార్లు అడిగారు. ప్లేటు చూడు.

రసాయనం మాస్టారు
మే 14, ఉదయం 6:50

అమ్మా, నీ మాటలు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ధర సంగతి చెబుతాను. నర్సాపురం దగ్గర 1970ల చివర మొదటిసారి గ్యాసు పడింది. సముద్రంలోని డీ6 క్షేత్రం 2002లో బయటపడి, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. ఆ గ్యాసు కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డెక్కి, గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టంలో వెళుతుంది. రెండు మూడేళ్లకే ఆ ఉత్పత్తి పడిపోయింది. కొండపల్లి దగ్గర గ్యాసుతో కరెంటు తీయడానికి కట్టిన కేంద్రం గ్యాసు చాలక పడుకున్న రోజులు విజయవాడ వాళ్లకు గుర్తుండే ఉంటాయి. 2020 డిసెంబరు నుంచి లోతు సముద్రంలోని కొత్త బావులతో మళ్లీ కొంత పుంజుకుంది.

ఎక్కడ పడిన గ్యాసైనా దేశం మొత్తానికి ఒకే కేటాయింపు విధానం. పాత క్షేత్రాల గ్యాసుకు 2023 ఏప్రిల్ నుంచి ఒక సూత్రం పెట్టారు: మనం కొనే ముడిచమురు సగటు ధరలో పది శాతం, అది కూడా ఒక ఎంఎంబీటీయూకు (గ్యాసు ఇచ్చే వేడిని కొలిచే ప్రమాణం) 4 డాలర్లకు తగ్గకుండా, 6.5 డాలర్లకు మించకుండా. రెండేళ్ల తర్వాత పై హద్దు ఏటా పావు డాలరు పెరుగుతుంది. ఈ చవక గ్యాసు బండ్లకూ ఇళ్లకూ ముందు ఇవ్వాలని నియమం. అయితే వాడకం పెరిగింది, పాత బావులు ముసలివయ్యాయి. 2024 చివర్లో నగర గ్యాసు కంపెనీలకు (బండ్లకూ ఇళ్లకూ గ్యాసు అందించేవాటికి) ఇచ్చే వాటాలో కోత పడింది. ఆ లోటును ఖరీదైన గ్యాసుతో, ఓడల్లో ద్రవంగా వచ్చే విదేశీ గ్యాసుతో పూడ్చాల్సి వచ్చింది. మన దేశం వాడే గ్యాసులో సుమారు సగం దిగుమతే. దీనికి తోడు గ్యాసు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, కాబట్టి పన్ను మీద పన్ను పడుతుంది. నా కోపం ఇక్కడ ఉంది. ఆటో నడిపేవాడి ఇంధనాన్ని జీఎస్టీ బయట ఉంచడానికి సరైన కారణం నాకు ఒక్కటీ కనిపించదు.

పాడి తెనాలి
మే 14, ఉదయం 11:00

నేను నలభై గేదెల పాడి నడుపుతున్నాను. పేడ గ్యాసు గురించి అడగడానికి వచ్చాను, ఇక్కడ మంచి చర్చ జరుగుతోంది. పేడ నుంచి తీసిన గ్యాసును కూడా బిగించి బండ్లకు పోయవచ్చని, అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు నేపియర్ గడ్డితో పెద్ద ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిందని చదివాను. నా పాల వ్యాను నా పేడతోనే నడిస్తే ఎంత బాగుంటుంది! మా పక్క ఊళ్లో మిర్చి కట్టె, పత్తి కట్టె గుట్టలుగా తగలబెడుతున్నారు, అది కూడా కలపవచ్చా?

రసాయనం మాస్టారు
మే 14, మధ్యాహ్నం 12:25

చాలా మంచి ఆలోచన. లెక్క వేద్దాం. గేదెకు రోజుకు పన్నెండు కిలోల పేడ చేతికి వస్తుందనుకుంటే నలభై గేదెలకు దాదాపు ఐదు క్వింటాళ్లు. పాతిక కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది, అంటే రోజుకు ఇరవై ఘనపు మీటర్లు. అందులో మీథేను 55 నుంచి 60 శాతమే, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడు. శుద్ధి చేసి బిగిస్తే ఎనిమిది కిలోలు తేలుతుంది. మన ఏటుకూరు తమ్ముడి సిలిండరు ఒక్కసారి నిండుతుంది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఎనిమిది కిలోల కోసం కార్బన్ డయాక్సైడును నీళ్లలో కరిగించి తీసేయాలి. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడును ఇనుప తుప్పు పొడి మీదుగా పంపి పట్టాలి, లేకపోతే అది సిలిండరును లోపలి నుంచి తింటుంది. తేమ ఆరబెట్టాలి. తర్వాత 200 బార్ దాటేలా బిగించే కంప్రెసరు కావాలి. బండ్లకు వాడాలంటే మీథేను 90 శాతానికి తగ్గకూడదు. నలభై గేదెల మీద ఇంత యంత్రాంగం గిట్టదు. చుట్టుపక్కల పాడి రైతులు, డెయిరీ కలిసి రోజుకు యాభై టన్నుల పేడ ఒక చోటికి చేరిస్తే అప్పుడు అది సాధ్యమయ్యే పని. 2018లో కేంద్రం సతత్ అనే పథకం పెట్టింది ఇలా జీవవాయువును బిగించే పెద్ద ప్లాంట్ల కోసమే. నగర గ్యాసు కంపెనీలు తాము అమ్మే గ్యాసులో ఇలాంటిది 2025-26లో ఒక శాతంతో మొదలుపెట్టి 2028-29కి ఐదు శాతం దాకా కలపాలని లక్ష్యం కూడా ఉంది. అప్పటిదాకా మీ ఇరవై ఘనపు మీటర్లతో వంట చేయండి, పాలు కాచండి, జెనరేటరు నడపండి. శుద్ధి పెద్దగా అక్కర్లేదు.

మిర్చి కట్టె, పత్తి కట్టె వద్దు. అవి చెక్క. వాటికి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను గాలి లేని తొట్టిలోని సూక్ష్మజీవులు అరిగించుకోలేవు. వరిగడ్డి, పచ్చిగడ్డి, కూరగాయల చెత్త అరుగుతాయి.

ఒక హెచ్చరిక. పేడ తొట్టిలోకి శుభ్రం చేయడానికి ఎవరినీ దించకండి. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడం ఆగిపోతుంది. మనిషి పడిపోతాడు, తీయడానికి దిగిన రెండోవాడూ పడిపోతాడు.

ఏటుకూరు రోడ్డు
మే 14, సాయంత్రం 6:40

మేస్త్రి గారూ, క్షమించండి. ప్లేటు చూశాను కానీ తేదీ కనపడలేదు, దాని మీద నల్ల రంగు పూసి ఉంది. ఈ రోజు కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది తీశాను. లెక్క కడితే చివరి పరీక్ష జరిగి నాలుగేళ్లు దాటింది. ఈ మూడు నెలల్లో నేను కనీసం నలభై సార్లు గ్యాసు పట్టించి ఉంటాను, నాలుగైదు పంపుల్లో. ఒక్కచోట కూడా ప్లేటు అడగలేదు.

ఆటోనగర్ మేస్త్రి
మే 14, సాయంత్రం 7:00

రంగు ఊరికే పూయరు తమ్ముడూ. నీకు బండి అమ్మినవాడికి తెలుసు.

సిలిండరును మూడేళ్లకు ఒకసారి విప్పి, నీళ్లు నింపి, పని పీడనానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఒత్తిడి పెట్టి చూడాలి. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి ఉన్న పరీక్షా కేంద్రంలోనే చేయించాలి. నీళ్లతో ఎందుకంటే, సిలిండరు పగిలినా నీరు గ్యాసులా ఎగదన్నదు. ఒత్తిడి తీశాక ఉక్కు మళ్లీ తన కొలతకు రావాలి. రాకుండా సాగి ఉండిపోతే దానిలో సత్తువ అయిపోయినట్టు. పరీక్ష అయ్యేదాకా గ్యాసు పట్టించకు. ఉన్న గ్యాసు మీద నడపకు.

పంపు రాత్రి డ్యూటీ
మే 14, రాత్రి 8:30

ఇది చదివి సిగ్గుతో తల దించుకున్నాను, నేను ఆ పంపుల్లో ఒకదానిలో కాకపోయినా. ప్లేటు చూడకుండా నాజిల్ పెట్టకూడదు, ప్రయాణికులను దించకుండా నింపకూడదు. మాకు నేర్పేది ఇదే. కానీ వెనక ముప్పై బండ్లు హారన్లు కొడుతుంటే, పది మందిలో తొమ్మిది మంది ప్లేటు చూడరు. పోయిన సంక్రాంతి ముందు రాత్రి గడువు దాటిన ఆటోను నేను తిప్పి పంపాను. అతను ఏడ్చినంత పని చేశాడు, పండగ గిరాకీ పోతుందని. వెనకాల ఉన్నవాళ్లు నన్నే తిట్టారు. అయినా పట్టలేదు. నాజిల్ పట్టుకునేది నేను, సిలిండరుకు మూడు అడుగుల దూరంలో నిలబడేది నేను.

ఏటుకూరు రోడ్డు
మే 15, ఉదయం 9:15

పరీక్షకు సిలిండరు దింపి పంపితే మూడు నాలుగు రోజులు పడుతుందట. యార్డులో ఇంకా సరుకు వస్తోంది, బండి ఆగితే రోజు కూలీ పోతుంది. ఒకతను ఫోను చేశాడు. సిలిండరు విప్పకుండానే కొత్త తేదీతో ప్లేటు, కాగితం ఇస్తాడట. సీజను అయ్యాక నిజమైన పరీక్ష చేయించుకోవచ్చు కదా అంటున్నాడు. లీకు లేదని మీరే తేల్చారు కదా. ఏమంటారు?

కోనసీమ ఆడపడుచు
మే 15, ఉదయం 9:40

వద్దు తమ్ముడూ. సబ్బు నురుగు ఈ రోజు లీకు లేదని చెబుతుంది. ఉక్కు ఎంత పలచబడిందో చెప్పదు. నగరం ఊళ్లో ఆ గొట్టం కూడా ముందు రోజు దాకా బాగానే పనిచేసింది.

నువ్వు మొదటి రోజు రాసింది నేను మరిచిపోలేదు. పిల్లల గది కిటికీ పక్కన బండి ఉందని నిద్ర పట్టలేదన్నావు. ఆ కాగితం కొంటే నీకు నిద్ర పడుతుందా? నాలుగు రోజుల కూలీ ఎంతో చెప్పు. మా ఆయన యూనియన్‌లో అడిగి, ఎవరిదైనా ఖాళీ బండి నాలుగు రోజులకు అద్దెకు ఇప్పిస్తాం.

ఆటోనగర్ మేస్త్రి
మే 15, ఉదయం 10:05

నా షెడ్డుకు తీసుకురా. కూలి తీసుకోకుండా దింపి ఇస్తాను. ఆ ఫోను చేసినవాడి మాట మాత్రం వినకు.

ఏటుకూరు రోడ్డు
మే 20, రాత్రి 10:10

ఆలస్యంగా రాస్తున్నాను. పదిహేనో తారీకు మధ్యాహ్నమే బండిని లాగించుకుని మేస్త్రి గారి షెడ్డుకు వెళ్లాను. సిలిండరును రెండు ఇనుప పట్టీలు పట్టి ఉంచుతాయి, వాటి కింద రబ్బరు. వెనక పట్టీ విప్పగానే ఆయన చేయి ఆగిపోయింది. రబ్బరు ఎండి పగిలి, దాని కింద ఏళ్ల తరబడి నీరు, దుమ్ము, మిర్చి పొడి చేరి ముద్దగా ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద రూపాయి బిళ్లంత వెడల్పున గుంటలు, ఒకదాని పక్కన ఒకటి, పట్టీ పొడవునా. వేలు పెడితే అంచు తగిలింది. మిగతా సిలిండరంతా పెయింటుతో నిగనిగలాడుతోంది.

పరీక్షా కేంద్రంలో నీటి పరీక్ష దాకా వెళ్లనే లేదు. గుంటల లోతు కొలిచి, పనికిరాదని రాసి, మళ్లీ ఎవరూ వాడకుండా నా ముందే కోశారు. కోసిన చోట గోడ మందం చూశాను. గుంట ఉన్న దగ్గర, లేని దగ్గర, తేడా కంటికే కనిపించింది. దాని మీదే మూడు నెలలు కూర్చుని తిరిగాను. మా పెద్దాడు రోజూ సాయంత్రం ఆ సిలిండరు మీద కాలు పెట్టి బండి ఎక్కేవాడు.

కొత్త సిలిండరు బిగించాం. రెండు నెలల వాయిదాలంత ఖర్చయింది, అప్పు చేశాను. అక్కా, మీ ఆయన ఇప్పించిన బండితో మూడు రోజులు తోలుకున్నాను, కూలీ పోలేదు. ఈ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు లైను మీది పంపుకు వెళ్లాను. కుర్రాడు ప్లేటు అడిగాడు. చూపించాను. తొమ్మిది కిలోల మూడు వందల గ్రాములు పట్టింది.

ఆటోనగర్ మేస్త్రి
మే 20, రాత్రి 10:25

ముందు పట్టీ కింద కొత్త రబ్బరు నేనే వేశాను. వెనక దానికి సరిపోయే కొలత నా దగ్గర లేదు, బయట కొని వేయించుకోమన్నాను. వేయించావా?

ఏటుకూరు రోడ్డు
మే 20, రాత్రి 10:31

వేయించాను మేస్త్రి గారూ. వానాకాలం ముందు ఒకసారి విప్పి చూస్తాను.